పుస్తకం మూసి ఆడే ఆట

“పుస్తకాలు మూసేయండి. రఫ్ నోట్సులో చివరి పేజీ తీయండి. మధ్యాహ్నం మీ కంచంలో పడిన అన్నం మెతుకు ఉంది చూశారా, ఇప్పుడు మీరంతా ఆ మెతుకులు. నోట్లో పడిన దగ్గర్నుంచి మీకేం జరిగిందో మీ అమ్మకి, అంటే వరికంకికి, ఉత్తరం రాయండి. ఆరు నిమిషాలు. అక్షరదోషాలు నేను చూడను.”

ఏడో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం చెప్పిన మూడోరోజు నేను ఆడించే ఆట ఇది. భోజనం బెల్లు తర్వాతి పీరియడ్ దీనికి బాగా కుదురుతుంది. ఆ గంటలో పాఠం చదివిస్తే సగం తరగతి కునుకు తీస్తుంది. ఉత్తరం అనగానే మొదట గుసగుసలు, తర్వాత ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా మోచేతులు అడ్డం పెట్టుకోవడం, ఆ తర్వాత పెన్నుల చప్పుడు.

ఒక ఏడాది వచ్చిన కాగితాల్లో రెండింటిని దాచుకున్నాను. మొదటిది ఒక అమ్మాయిది. ఎప్పుడూ చెయ్యెత్తి జవాబు చెప్పని పిల్ల. “అమ్మా, నోట్లో పడగానే వానొచ్చింది. ఆ వానకి నేను కొంచెం తియ్యగా అయిపోయాను. తర్వాత పొట్టలోకి జారాను. అక్కడ పులుపు వాన. నాతో వచ్చిన పప్పుబద్దని పట్టుకుని ముక్కలు చేశారు. నన్ను అటూ ఇటూ చిలికారు కానీ నా జోలికి రాలేదు. ఎందుకో తెలీదు.” అంతవరకు రాసేసరికి టైమైపోయింది.

ఆ “ఎందుకో తెలీదు” దగ్గర నేను ఆగిపోయాను. అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. జీర్ణాశయంలోని రసం ముఖ్యంగా ప్రొటీన్ల పని పడుతుంది, అంటే పప్పు పని. అన్నంలో ఉండే పిండిపదార్థాన్ని విడగొట్టే పని నోట్లో లాలాజలంతో మొదలవుతుంది, జీర్ణాశయంలోని ఆమ్లానికి ఆగిపోతుంది, చిన్నపేగులో క్లోమరసం కలిశాక మళ్లీ అందుకుంటుంది. పాఠంలో ఈ రెండు ముక్కలూ వేర్వేరు పేరాల్లో ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి, మెతుకును పప్పుబద్ద పక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే మర్యాద జరగలేదని కనిపెట్టింది ఆ పిల్లే. మర్నాటి పాఠం ఆమె ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

రెండో కాగితం ఒక అబ్బాయిది. అతని మెతుకు జీర్ణాశయంలోంచి బయల్దేరి కాలేయంలోకి దూరింది. అక్కడ “ఆకుపచ్చ స్నానం” చేసి, క్లోమంలో కాసేపు పడుకుని, అప్పుడు చిన్నపేగులోకి వచ్చింది. చక్కటి ఊహ, కానీ శుద్ధ తప్పు. తిండి కాలేయంలోకి పోదు. కాలేయంలో తయారైన పైత్యరసమే నాళం గుండా చిన్నపేగులోకి వస్తుంది, క్లోమరసం కూడా అంతే. ఇదే అబ్బాయికి ఆ ముందురోజు స్లిప్ టెస్టులో, జీర్ణవ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించమన్న ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. పటంలో కాలేయం ఎక్కడుందో అతనికి తెలుసు. పేగుకు కాలేయానికి మధ్య గీసిన గొట్టంలో ప్రయాణం ఎటునుంచి ఎటో మాత్రం తెలియదు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి ఆ తప్పు బయటపడలేదు. అలా మరో నలుగురైదుగురి మెతుకులు కూడా కాలేయం గుండా పోయాయి. పటం అడిగినంతకాలం దాగిన తప్పును ఉత్తరం ఆరు నిమిషాల్లో పట్టిచ్చింది.

ఈ ఆటలో ఉన్న విజ్ఞానమేమిటో ఈ అధ్యాయంలో చెప్పుకుందాం.

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో జ్ఞాపకశక్తి మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ప్రయోగం చేసింది ఆయనే, చేయించుకున్నదీ ఆయనే. అర్థంలేని అక్షరాల ముక్కలు దాదాపు 2,300 తయారుచేసుకుని, వాటిని వరసలుగా పేర్చి బట్టీ పట్టేవాడు. కొంత వ్యవధి తర్వాత అదే వరసను మళ్లీ నేర్చుకుని, మొదటిసారితో పోలిస్తే ఈసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టేవాడు. 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం శ్రమ కలిసొచ్చింది. గంటకు అది 44 అయింది. ఒక రోజుకు 34. నెల గడిచాక 21. గీత గీస్తే మొదట నిట్టనిలువుగా దిగి, తర్వాత మెల్లగా చదునవుతుంది. బడిపాఠానికి అర్థం ఉంటుంది కాబట్టి అంత వేగంగా కారిపోదు. అయినా గీత పోకడ అదే. సోమవారం చెప్పింది శుక్రవారానికి ఎందుకు లేదని పిల్లల మీద విసుక్కునే ప్రతి ఉపాధ్యాయుడూ ఒకసారి ఆ గీతను చూడాలి. మరుపు పిల్లల తప్పు కాదు. మెదడు అలాగే పనిచేస్తుంది.

మరుపుకు మన బడులు కనిపెట్టిన మందు మళ్లీ చదివించడం. రివిజన్ అంటే మళ్లీ చదవడమే అనుకుంటాం. పరీక్షల ముందు స్టడీ అవర్‌లో పిల్లలు తలలూపుతూ అవే పేజీలు తిప్పుతారు. రెండోసారి, మూడోసారి చదివేటప్పుడు వాక్యాలు సాఫీగా సాగిపోతాయి, ఇదంతా నాకు వచ్చు అనిపిస్తుంది. తెలిసిన ముఖం ఎదురైనట్టు ఉంటుంది ఆ అనుభవం. పలకరించబోతే పేరు నోటికి రాదు. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. మళ్లీ చదవడం మొదటిదానికి పదును పెడుతుంది. పరీక్ష గదిలోనూ బతుకులోనూ కావలసింది రెండోది.

దీన్ని సూటిగా తేల్చిన ప్రయోగం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించారు. విద్యార్థులకు సూర్యుడి గురించి, సముద్రపు నీటిపిల్లుల గురించి చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చారు. ఒక బృందం నాలుగు విడతలూ చదివింది. మరో బృందం ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత మళ్లీ పెడితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. మొదటి బృందం ఆ నాలుగు విడతల్లో వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివింది. రెండోది మూడున్నర సార్లు కూడా చదవలేదు. వారం తర్వాత మీకెంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే ఎక్కువ ధీమాగా చెప్పింది మొదటి బృందమే! పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్న పిల్లవాడికి కలిగే ధీమా కూడా అదే.

ఇది పెద్దవాళ్ల సంగతి కదా అనవచ్చు. హెర్బర్ట్ స్పిట్జర్ అనే పరిశోధకుడు 1939లోనే అయోవా రాష్ట్రంలో ఆరో తరగతి పిల్లలు 3,605 మందితో ఇలాంటి పని చేశాడు. వాళ్ల చేత వేరుశనగ గురించి, వెదురు గురించి వ్యాసాలు చదివించి, కొందరికి వెంటనే, కొందరికి రోజుల తర్వాత పరీక్షలు పెట్టాడు. చదివిన వెంటనే ఒకసారి గుర్తుచేసుకున్న పిల్లలకు తర్వాతి వారాల్లో ఎక్కువ నిలిచింది. ఆలస్యం చేసిన కొద్దీ గుర్తుచేసుకోవడానికి మిగిలింది తగ్గిపోయింది. అంతకుముందు 1917లో ఆర్థర్ గేట్స్ కూడా బడిపిల్లలతోనే ప్రయోగాలు చేసి, చదివే సమయంలో సగానికి మించి పుస్తకం చూడకుండా చెప్పుకోవడానికి వాడితే ఫలితం బాగుంటుందని చూపించాడు.

మన పాతకాలపు బడి దీన్ని అప్పజెప్పడం అనేది. ఎక్కాలు అప్పజెప్పు, పద్యం అప్పజెప్పు. మాటలోనే ఉంది చూడండి, తీసుకున్నదాన్ని తిరిగి ఒప్పగించడం. ఆ పద్ధతిలో పేరుకున్న భయాన్ని, బెత్తాన్ని, అర్థం తెలియని వల్లెవేతను ఎవరూ వెనక్కి కోరుకోరు. కానీ బెత్తంతో పాటు పుస్తకం మూసి చెప్పే అలవాటును కూడా వదిలేసుకున్నాం. దాని స్థానంలో గైడూ, ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా వచ్చి కూర్చున్నాయి. ఆ అలవాటును భయం లేకుండా వెనక్కి తెచ్చుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఈ రాత ఆటలు.

స్లిప్ టెస్టు సరిపోదా? చాలావరకు సరిపోతుంది, ఆ మాట దాచనక్కర్లేదు. గుర్తుచేసుకోవడమే మందు అయినప్పుడు అది ఏ సీసాలో ఇచ్చినా పనిచేస్తుంది. అయితే స్లిప్ టెస్టు ముక్కలు ముక్కలుగా అడుగుతుంది: ఫలానా ఎంజైము పేరేమిటి, ఫలానా గ్రంథి ఎక్కడుంది. కథకు అలా కుదరదు. కథలో ఒకదాని తర్వాత ఇంకొకటి జరగాలి, ఒకదానివల్ల ఇంకొకటి జరగాలి. మెతుకు నోట్లోంచి పేగులోకి దూకలేదు. మధ్యలో ఏముందో రాసేవాడు చెప్పి తీరాలి. పాఠంలో తెలియని చోటు ఎక్కడుందో అక్కడే కథ కుంటుతుంది. కుంటిన చోటు ముందుగా తెలిసేది రాసే పిల్లకే.

సొంతంగా పుట్టించిన మాట అరువు మాటకన్నా ఎక్కువ నిలుస్తుందని కూడా ప్రయోగాల్లో తేలింది. టొరంటోలో నార్మన్ స్లమెకా, పీటర్ గ్రాఫ్ 1978లో ఒక బృందానికి జంటపదాలు పూర్తిగా ఇచ్చి చదవమన్నారు. మరో బృందానికి రెండో పదం మొదటి అక్షరం మాత్రం ఇచ్చి, రెండు పదాల మధ్య ఉండాల్సిన సంబంధాన్ని బట్టి పదాన్ని వాళ్లనే పూరించుకోమన్నారు. పూరించుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఒక్క పదం పూరించుకుంటేనే అంత తేడా వచ్చిందంటే, “పులుపు వాన” అని పేరు పెట్టుకున్న పిల్ల జీర్ణాశయంలో ఆమ్లం ఉందన్న సంగతిని తొందరగా పోగొట్టుకోదని నేను నమ్ముతాను.

ఇక ఏ ఆటలు ఆడించాలి? ఇందుకోసం మనం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. తెలుగువాళ్ల దగ్గర ఎంతో పకడ్బందీ అయిన ఆటల పెట్టె ఒకటుంది. దాని పేరు అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన ఆ విద్యను మనం పాండిత్య ప్రదర్శనగా చూసి చప్పట్లు కొడతాం. నాకు అందులో ఒక తరగతి గది కనిపిస్తుంది. అవధానిని పరీక్షించే పృచ్ఛకులు పెట్టే ప్రతి ఇబ్బందీ జ్ఞాపకాన్ని తవ్వించడానికి పనికొచ్చే పనిముట్టే.

దత్తపదినే తీసుకోండి. పొంతనలేని నాలుగు మాటలిచ్చి, వాటన్నిటినీ ఇమిడ్చి అడిగిన విషయం మీద పద్యం చెప్పమంటారు. ఆరో తరగతిలో నీటిచక్రం పాఠం అయ్యాక నేను బోర్డు మీద నాలుగు మాటలు రాశాను: గొడుగు, ఇడ్లీపాత్ర, దుమ్ము, అప్పు. ఈ నాలుగూ వచ్చేలా నీటిచక్రం గురించి అయిదు వాక్యాలు. ఇడ్లీపాత్ర దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు. మూత తీసినప్పుడు లోపలి వైపు నీటిబొట్లు ఉండటం అందరూ చూసిందే. ఆవిరి చల్లబడి నీరవడమంటే ఏమిటో పిల్లలకు వంటింట్లో దొరికేసింది. దుమ్ము దగ్గర తరగతి ఆగిపోయింది. మేఘంలో నీటిబొట్టు కట్టడానికి ఆవిరికి ఒక రేణువు ఆసరా కావాలని పాఠంలో చెప్పుకున్నాం. అది గుర్తున్నది ముగ్గురికే. అప్పు దగ్గర మాత్రం ఒక కాగితం నన్ను కుర్చీలోంచి లేపింది. “సముద్రం ఆకాశానికి నీళ్లు అప్పిచ్చింది. ఆకాశం కొండల మీద పారేసింది. పాపం నది ఆ అప్పు తీర్చడానికి పరుగెత్తింది. వడ్డీకి ఉప్పు కూడా తెచ్చింది.”

సముద్రం ఆవిరైనప్పుడు ఉప్పు వెనకే ఉండిపోతుంది. నదులు రాళ్లనూ మట్టినీ ఒరుసుకుంటూ వచ్చి కరిగిన లవణాలను కాస్త కాస్తగా సముద్రంలో కలుపుతాయి. కోట్ల ఏళ్లుగా సాగుతున్న ఆ చేరిక సముద్రపు ఉప్పదనానికి ఒక ముఖ్య కారణం. ఇది ఆరో తరగతి పాఠంలో లేదు. అప్పు అన్న మాట ఇచ్చినందుకు వడ్డీ వచ్చింది, వడ్డీ ఏం కట్టాలో వెతుక్కుంటే ఉప్పు దొరికింది. ఇటలీ బాలసాహిత్యకారుడు జాన్ని రొదారి 1973లో వెలువరించిన తన పుస్తకంలో ఇదే కిటుకును వివరించాడు. కుక్క, బీరువా వంటి రెండు దూరపు మాటలు పక్కపక్కన పెడితే ఊహ తనంతట తాను కదులుతుందంటాడు. దత్తపది మనకు ఎప్పటినుంచో ఉంది. తరగతికి తెచ్చుకోవడమే తరువాయి.

నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఈ అక్షరం వాడకూడదంటూ దారి మూస్తూ పోతాడు, అవధాని పక్కదారి వెతుక్కుంటాడు. తరగతిలో అక్షరానికి బదులు మాటను నిషేధిస్తే చాలు. కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి, సూర్యరశ్మి, పత్రహరితం, ఆహారం అనే మాటలు వాడకండి అంటే బట్టీ పట్టిన నిర్వచనం ఆ క్షణంలో కూలిపోతుంది. ఆ మూడు మాటల మీదే అది నిలబడి ఉంది మరి. పాఠం అర్థమైనవాళ్లు “పొద్దున్నే పొయ్యి వెలుగుతుంది, ఆకు వంటకు దిగుతుంది” అంటూ ఏదో దారి వెతుకుతారు. అర్థం కానివాళ్లు ఖాళీ కాగితం ఇస్తారు. ఆ ఖాళీ కాగితానికి సున్నా వేయకండి. ఇక్కడ నాకు తెలియదు అని పిల్లవాడు ధైర్యంగా చెప్పిన మాట అది.

సమస్యాపూరణంలో వినగానే అసంబద్ధంగా తోచే మాటను ఇచ్చి, దాన్ని అర్థవంతం చేయమంటారు. విజ్ఞానశాస్త్రానికి ఇంతకన్నా దగ్గర చుట్టం ఏ ఆటలోనూ నాకు కనబడలేదు. సైన్సు నిండా ఉన్నవి సమస్యలే. “చెట్టు గాలి తిని లావెక్కింది” అన్న వాక్యం ఎనిమిదో తరగతికి ఇచ్చి చూడండి. సగం మంది అది తప్పంటారు. చెట్టు మట్టిలోంచి పెరుగుతుందన్నది మన కళ్ల ముందరి నమ్మకం.

ఆ నమ్మకాన్ని మొదట తూకం వేసి చూసినవాడు ఫ్లాండర్స్ వైద్యుడు యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్. పెద్ద కుండీలో 200 పౌండ్ల ఎండుమట్టి పోసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ అయిదేళ్లు పెంచాడు. అయిదేళ్లకు చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు! చెట్టు మట్టిని తినలేదని తేలిపోయింది. అయితే ఆ బరువంతా నీళ్లదేనని ఆయన తీర్మానించాడు. ఈ వివరాలున్న గ్రంథం ఆయన పోయాక 1648లో వెలువడింది. ‘గ్యాస్’ అన్న మాటను పుట్టించినవాడు ఈయనే. బొగ్గు కాలినప్పుడు వచ్చే వాయువుకు ప్రత్యేకంగా పేరు పెట్టినవాడూ ఈయనే. ఈనాడు దాన్ని మనం కార్బన్ డయాక్సైడ్ అంటాం. తన విల్లో చెట్టు ఆకాశంలోంచి లాక్కుంటున్నది ఆ వాయువునే అని మాత్రం ఆయనకు తట్టలేదు. దాన్ని చెట్టు ఆకుల దగ్గర చూడటానికి ఇంకో నూరేళ్లకు పైగా పట్టింది.

ఈ కథ చెప్పి, కార్బన్ డయాక్సైడ్ నుంచి వాన్ హెల్మాంట్‌కు ఉత్తరం రాయించాను. “అయ్యా, నాకు పేరు పెట్టిన తండ్రివి నువ్వే. అయిదేళ్లూ నీ కుండీ చుట్టూ తిరిగాను. నీళ్లు పోశావు, మట్టి తూచావు, నన్నొక్కణ్ణి తూచలేదు.” ఈ మూడు వాక్యాలు రాసిన అబ్బాయికి ఆ ఏడాది కిరణజన్య సంయోగక్రియ గురించి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అవధానంలో ఇంకో రహస్యం ఉంది. అవధాని ఒక్కో పద్యాన్ని ఏకబిగిన చెప్పడు. ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు, నాలుగు ఆవృతాల్లో నాలుగు పాదాలు పూర్తిచేస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ధ్యాస మళ్లిస్తూనే ఉంటాడు. అన్నీ అయ్యాక ధారణ, అంటే పద్యాలన్నిటినీ మొదటినుంచి ఒప్పజెప్పడం. ఎడం ఇచ్చి, మధ్యలో వేరే పని చేసి, మళ్లీ గుర్తుచేసుకోవడం ఒకేసారి కూర్చుని నూరడం కన్నా మేలని జ్ఞాపకశక్తి పరిశోధకులు నూరేళ్లుగా చెబుతున్నారు. అమెరికాకు చెందిన రాబర్ట్ బ్యోర్క్ ఇటువంటి ఇబ్బందులను వాంఛనీయమైన కష్టాలన్నాడు. అందుకే నా తరగతిలో ఆటకు ధారణ ఉంటుంది. వారం తిరిగాక రెండు నిమిషాలు: పోయినవారం మీ మెతుకు ఉత్తరంలో ఏం రాశారో, చూడకుండా మూడు వాక్యాల్లో. నిజానికి ఆట మొత్తంలో ఎక్కువ పని చేసేది ఈ రెండు నిమిషాలే. హడావుడిలో ఉపాధ్యాయులు మొదట వదిలేసేది కూడా దీన్నే.

లెక్కల టీచర్లు ఇది మాకు కుదరదంటారు. వారికి ఒక్క ఉదాహరణ చాలు. ఒకటిముప్పావును అరతో భాగించాలి. దీనికి ఒక చిన్న కథ రాయండి. లిపింగ్ మా అనే గణిత విద్యావేత్త 1999లో వచ్చిన తన పుస్తకంలో, ఇదే లెక్కను అమెరికాలోనూ చైనాలోనూ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఇచ్చిన వైనం రాశారు. 23 మంది అమెరికన్ ఉపాధ్యాయుల్లో సరైన భావంతో కథ చెప్పగలిగింది ఒక్కరే. 72 మంది చైనా ఉపాధ్యాయుల్లో నూటికి తొంభై మంది చెప్పగలిగారు. తప్పినవాళ్లలో చాలామంది అరతో భాగించమంటే ఇద్దరికి పంచారు. మన పిల్లలూ అక్కడే పడతారు. ఒకటిముప్పావు లీటరు పాలను అరలీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు? మూడు నిండి, నాలుగోది సగం. ఇలాంటి కథ రాయగలిగిన పిల్లకు తలకిందులు చేసి గుణించడం ఎందుకో వివరించడం తేలిక. రాయలేని పిల్లకు జవాబు సరిగ్గా వచ్చినా ఆ లెక్క రానట్టే లెక్క.

ఇప్పుడు ఈ ఆటలు పాడయ్యే తీరు కూడా చెప్పాలి. నా తరగతిలోనే పాడయ్యాయి కాబట్టి చెబుతున్నాను. మొదట్లో బాగా రాసిన కాగితాలను చదివి వినిపించి, నోటీసు బోర్డుకు అంటించేదాన్ని. రెండు నెలల్లో నలుగురు “కవులు” తయారయ్యారు, మిగిలిన ముప్పైమంది నీళ్లు నమలడం మొదలుపెట్టారు. ఆ నలుగురి మెతుకులకు చెల్లెళ్లు, శత్రువులు, యుద్ధాలు పుట్టాయి. ఆ గొడవలో పేగు మాయమైంది. అందం పాఠాన్ని మింగేసింది. అప్పటినుంచి ఒక్క నిబంధన పెట్టుకున్నాను: ఎంతైనా కల్పించు, పాఠం మాత్రం తప్పకూడదు. మెతుకు మాట్లాడవచ్చు, ఏడవవచ్చు, ఉత్తరం రాయవచ్చు. కాలేయంలోకి మాత్రం వెళ్లకూడదు.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. సొంతంగా పుట్టించింది గట్టిగా నిలుస్తుందని చెప్పుకున్నాం. తప్పును సొంతంగా పుట్టిస్తే అదీ అంతే గట్టిగా నిలుస్తుంది. ఆకుపచ్చ స్నానాన్ని ఆ అబ్బాయి మర్చిపోడు. కాబట్టి ఆట అయిన మర్నాటికల్లా తప్పు సరిదిద్దాలి, అదీ పేరు చెప్పకుండా. “ఒక మెతుకు నిన్న కాలేయంలోకి వెళ్లింది. ఏం, వెళ్లగలదా?” అని అడిగితే తరగతే సరిచేస్తుంది. సరిదిద్దే తీరిక లేని వారంలో ఆట ఆడించకపోవడమే మంచిది.

మూడోది భాష. ఇంట్లో లంబాడీయో, కోయో, గోండీయో, ఉర్దూయో మాట్లాడే పిల్లలు నా తరగతిలో ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కూడా తోడైంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాల మధ్య పిల్లలు రెండు పడవల మీద నిలబడ్డారు. ఆటలో నేను భాషకు హద్దు పెట్టను. ఏ భాషలోనైనా రాయవచ్చు, రెండు కలిపి రాయవచ్చు, రాయలేనివాళ్లు బొమ్మ గీసి కింద మూడు మాటలు పెట్టవచ్చు. నాకు చదవరాని భాషలో రాసిన కాగితాన్ని రాసిన పిల్ల చేతే చదివించుకుని వివరం అడుగుతాను. అలా వివరించడంలో ఆమె ఇంకోసారి గుర్తుచేసుకుంటుంది.

దీనికి ఎంత ఫలితం ఆశించాలి? స్టీవ్ గ్రాహం బృందం 2020లో ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు 56 అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. సైన్సు, సాంఘికశాస్త్రం, గణితాల్లో పాఠం గురించి రాయించడం వల్ల కలిగిన సగటు లాభం 0.30 ప్రమాణ విచలనం. వాడుకభాషలో చెప్పాలంటే, వందమంది వరసలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్ల సుమారు ముప్పై ఎనిమిదో స్థానానికి జరిగినట్టు. అవి అన్నిరకాల రాతలను కలిపిన లెక్కలు, కేవలం ఆటలవి కావు. అద్భుతాలు జరగవు. కానీ కాగితం ముక్క, ఆరు నిమిషాలు తప్ప మరే ఖర్చూ లేని పనికి అది చిన్న లాభం కాదని నేను గట్టిగా అంటాను. వేలకు వేలు పోసి కొంటున్న తెరల కన్నా, యాప్‌ల కన్నా ముందు ఈ పని చేసి చూడాలి.

ఈ అధ్యాయం చదువుతున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ వారం మీరు చెప్పిన పాఠాల్లోంచి ఒక్కటి ఎంచుకోండి. అందులో కదిలేది ఏదైనా ఒకటి చూడండి: నీటిబొట్టు, రక్తకణం, ఉప్పు సత్యాగ్రహంలో నడిచిన ఒక జత చెప్పులు, ఏదైనా సరే. పుస్తకాలు మూయించి ఆరు నిమిషాలు ఉత్తరం రాయించండి. మార్కులు వేయకండి. ఎర్రసిరా పెన్ను బల్ల మీదే వదిలేసి, ఆ కాగితాలను ఇంటికి పట్టుకెళ్లి రాత్రి చదవండి. మీ మెతుకులు ఎక్కడెక్కడ దారి తప్పాయో చూసుకుని, మర్నాటి పాఠం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.